బ్రాండ్ మారిస్తే బండి మొరాయించదా? గోదావరి పుంతల్లో రెండు 4×4ల లెక్క

"ఈ కంపెనీ బండి ఎప్పుడు చూసినా షెడ్డులోనే ఉంటోంది. అమ్మేసి ఆ కంపెనీకి మారిపోనా?"

ఫోన్ల విషయంలో ఇలాంటి ప్రశ్నలు మనకి అలవాటే. ఫోన్ అయితే ఇరవై, ముప్ఫై వేలతో పోతుంది. నచ్చకపోతే ఎక్స్‌చేంజ్‌లో పడేయొచ్చు. 4×4 బండి అలా కాదు. లక్షల్లో డబ్బు, ఏళ్ల తరబడి ఈఎంఐ, అమ్మేటప్పుడు మళ్లీ నష్టం. అందుకే బ్రాండ్ మారేముందు "ఏది నమ్మకమైన బండి?" అనే మాటకి అసలు అర్థం ఏంటో తేల్చుకోవాలి.

నేను ఆ మార్పు చేశాను. మాది రామచంద్రపురం. కోటిపల్లి వైపు గౌతమి లంకలో మాకు కొంచెం అరటి, కొబ్బరి ఉంది. 2020 మధ్యలో సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ 4×4 కొన్నాం. మూడేళ్లు వాడి, 2023లో అది అమ్మేసి వేరే కంపెనీ 4×4 కొత్తది తీసుకున్నాం. ఇదీ డీజిలే. రెండింటికీ గూగుల్ షీట్‌లో లాగ్ రాశాను. తేదీ, ఓడోమీటర్ రీడింగ్, ఏం పోయింది, ఎందుకు పోయింది, బండి ఎన్ని రోజులు ఆగింది, ఎంత ఖర్చు. ఫోన్ రివ్యూలో బ్యాటరీ లాగ్ రాసే అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

రెండు బళ్ల పేర్లూ చెప్పడం లేదు. ఒక్కో కంపెనీ నుంచి ఒక్క బండి వాడి, ఆ కంపెనీ మొత్తానికి తీర్పు చెప్పడం కరెక్ట్ కాదు. ఒక్క ఫోన్ హ్యాంగ్ అయిందని ఆ మోడల్ అంతా చెత్త అంటే మీరే ఒప్పుకోరు కదా. మోడళ్ల గురించి పబ్లిక్‌గా ఉన్న స్పెక్స్ మాత్రం పేర్లతోనే కింద ఇచ్చాను.

మా వైపు ఆఫ్‌రోడ్ అంటే ఏంటి?

యూట్యూబ్‌లో 4×4 వీడియో అంటే రాళ్లు, కొండలు, లడఖ్. డెల్టాలో రాయి కనపడటమే కష్టం. ఇక్కడి ఆఫ్‌రోడ్ వేరు.

పుంతలు: చేల మధ్య బళ్ల బాటలు. ఎండాకాలం గట్టిగా, మొహం మీద కొట్టినట్టు గతుకులు. వాన పడితే బంకమట్టి టైర్ గాళ్లలో నిండిపోయి, టైర్ నున్నగా అయిపోతుంది.

కాలువ గట్లు: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మా వైపు బతుకంతా ఈ కాలువలతోనే. చాలా గట్లు ఒక బండి పట్టేంతే ఉంటాయి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి రావాల్సింది మనమే.

లంకలు: ఏటిగట్టు దిగాక మెత్తటి ఇసుక, పాయలో నీళ్లు, ఆ పైన ఒండ్రు. మూడూ ఒకే కిలోమీటర్లో తగులుతాయి.

సెలవులు దొరికితే మారేడుమిల్లి, గుడిస కొండ వైపు వెళ్తాం. రాళ్లు, ఏటవాలు బాటలు అక్కడే. కానీ మా బండికి ఏడాదిలో అవి రెండు మూడు ట్రిప్పులు. మిగతా రోజులన్నీ నీళ్లు, బంకమట్టి, ఇసుక. బండి నమ్మకాన్ని తేల్చేది కూడా ఆ మిగతా రోజులే.

మొదటి బండి: మూడేళ్లలో 14 ఎంట్రీలు

షీట్‌లో సాధారణ సర్వీసింగ్ తీసేస్తే, మొదటి బండికి మూడేళ్లలో 14 రిపేర్లు వచ్చాయి. అమ్మేముందు వాటిని మూడు రకాలుగా విడదీశాను.

1. బండిలోనే ఉన్న లోపం: వైరింగ్ కనెక్టర్లు తుప్పు పట్టడం, సెన్సర్ పోవడం, ఒకే పార్టు పదేపదే పాడవడం. ఇవి 5.

2. మా వాడకం వల్ల వచ్చినవి: వీల్ బేరింగులు, సస్పెన్షన్ బుష్‌లు, క్లచ్ ప్లేటు, ఎలుకలు కొరికేసిన వైరింగ్. ఇవి 6. వరి కోతలయ్యాక బండి బయట పెట్టేవాళ్లకి ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు.

3. సర్వీస్ సరిగా చేయక వచ్చినవి: సరిగా బిగించని బోల్టు, తప్పు గ్రేడ్ ఆయిల్, సరిపోని పార్టు. ఇవి 3.

మొత్తం మీద బండి ఆగిపోయిన రోజులు 31. దారిలో కదలకుండా నిలిచిపోయింది 4 సార్లు. ఈ నాలుగూ మొదటి రకంలోవే.

వాటిలో ఒకటి 2022 జూలైలో. గోదావరి వరద ఎంత పెద్దదో ఈ ప్రాంతం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కుల పైనే. ఆ నీళ్లు మా వైపు రాకముందే లంకలోని మోటారు, కోతకొచ్చిన అరటి గెలలు గట్టు ఎక్కించాలి. గెలలు ఎక్కించాం, కీ తిప్పితే బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ బాగానే ఉంది, స్టార్టర్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. పాయలో నీళ్లు ఎక్కుతున్నాయి. చివరికి పక్క చేను రైతు ట్రాక్టర్ కట్టి లాగితే బయటపడ్డాం. తర్వాత షెడ్డులో తేలింది ఏంటంటే, ఒక కనెక్టర్‌లోకి తేమ చేరి పిన్నులు పచ్చగా తుప్పు పట్టాయి. పార్టు ఖర్చు ఐదొందలు కూడా లేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక నాన్న అన్నారు: "బండి ఎన్నిసార్లు చెడిపోయిందన్నది కాదురా. ఇంటి దగ్గర చెడిపోయిందా, ఏట్లో చెడిపోయిందా? అది రాసుకో ముందు." షీట్‌లో 'ఎక్కడ ఆగింది' అనే కాలమ్ అప్పుడే చేరింది.

బ్రాండ్ మార్చాక ఏం మారింది?

రెండో బండికి రెండేళ్లలో 8 ఎంట్రీలు. అదే మూడు రకాల లెక్క వేస్తే:

బండిలోనే లోపం: 1. మొదటి దాంట్లో 5.

మా వాడకం వల్ల: 5. మొదటి దాంట్లో ఏడాదికి రెండు చొప్పున వస్తే, ఇక్కడ ఏడాదికి రెండున్నర. అంటే తగ్గలేదు. బండి మీద నమ్మకం పెరిగి ఎక్కువ తిప్పడం వల్ల కొంచెం పెరిగింది కూడా.

సర్వీస్ వల్ల: 2.

దారిలో నిలిచిపోవడం: ఒక్కసారి కూడా లేదు.

ఇక్కడితో ఆపేస్తే బ్రాండ్ మార్పు సూపర్ హిట్. కానీ ఇంకో కాలమ్ ఉంది. బండి ఆగిపోయిన రోజులు: 26. మూడేళ్లకి 31 రోజులు ఎక్కడ, రెండేళ్లకే 26 రోజులు ఎక్కడ? రిపేర్లు తగ్గాయి, బండి ఇంట్లో లేని రోజులు పెరిగాయి. కారణం సింపుల్. మొదటి కంపెనీ పార్టులు మా ఊళ్లోనో కాకినాడలోనో అదే రోజు దొరికేవి. రెండో కంపెనీ పార్టు ఆర్డర్ పెట్టి ఎదురు చూడాలి. వీల్ బేరింగ్ మార్చడం రెండు గంటల పని. దాని కోసం బండి తొమ్మిది రోజులు ఆగింది.

సర్వర్లు, నెట్‌వర్కింగ్ వైపు ఉన్నవాళ్లకి ఇది తెలిసిన కథే. ఒక సిస్టమ్ సగటున ఎన్ని రోజులకి ఒకసారి ఫెయిల్ అవుతుందో అది ఎంటీబీఎఫ్. ఫెయిల్ అయ్యాక మళ్లీ లేవడానికి పట్టే సగటు టైమ్ ఎంటీటీఆర్. మనకి చివరికి దక్కే అప్‌టైమ్ ఈ రెండిటి మీదా ఆధారపడుతుంది. రివ్యూల్లో, షోరూముల్లో 'రిలయబిలిటీ' అన్నప్పుడు మొదటిదే మాట్లాడతారు. రెండోది మీ ఊరు ఎక్కడుందన్న దాని మీద ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక్క రోజులో తేలే రిపేరు, అదే బండికి, అదే పార్టుకి, మా దగ్గర వారం కావచ్చు.

నా లెక్కలో మొదటి బండి అప్‌టైమ్ సుమారు 97.2 శాతం. రెండోది 96.4 శాతం. కాగితం మీద పాత బండే గెలిచింది! అయినా ఈ మార్పు మాకు లాభమే. ఎందుకంటే పాత బండి చెప్పాపెట్టకుండా ఏట్లో ఆగేది. కొత్తది మోత చేసో, లైట్ వెలిగించో, ముందుగా చెప్పి ఆగుతుంది. లంకలో చేను ఉన్నవాడికి ఆ తేడా చాలా పెద్దది. టౌన్‌లో ఆఫీసుకి తిరిగేవాళ్లకి మాత్రం 26 రోజులు బండి లేకపోవడమే పెద్ద తలనొప్పి కావచ్చు. అందుకే 'ఏది బెస్ట్ బ్రాండ్' అనే ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు కుదరదు.

ఏ బ్రాండూ తప్పించలేని రిపేర్లు

కొత్త బండికి కూడా వీల్ బేరింగ్ పోయిందని చెప్పగానే మా మెకానిక్ గారు నవ్వారు. "కంపెనీ మారిస్తే బురద మారదు కదండీ బాబూ" అన్నారు. ఆయన వివరించింది విన్నాక అది వేళాకోళం కాదని, ఫిజిక్స్ అని అర్థమైంది.

బండి నడిచేటప్పుడు చక్రం హబ్, డిఫరెన్షియల్ వేడెక్కుతాయి. ఆ వేడి మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ పూడ్చుకోవడానికి సీల్ అంచుల్లోంచి నీళ్లు, సన్నటి ఒండ్రు లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పాడవుతుంది, నాలుగైదు వారాల తర్వాత మోత మొదలవుతుంది. అప్పటికి మనం ఆ పాయ సంగతే మర్చిపోయి కంపెనీని తిట్టుకుంటాం.

దీనికి మందు బ్రాండ్ కాదు, అలవాటు. నీళ్లలోకి దిగేముందు ఐదు పది నిమిషాలు బండి ఆపి చల్లారనివ్వాలి. డిఫరెన్షియల్ బ్రీదర్ పైపు కిందికి ఉంటే, పొడవు పెంచి ఇంజిన్ బే ఎత్తుకి తీసుకెళ్లాలి. లోతు నీళ్లు దాటాక డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి. పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చేయాలి.

వేడింగ్ డెప్త్ అంటే ఐపీ రేటింగ్ లాంటిదే

ఫోన్‌కి ఐపీ67 ఉంటే ఒక మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని అర్థం. అయితే ఆ టెస్ట్ మామూలు నీళ్లలో, ల్యాబ్‌లో, కొత్త ఫోన్ మీద. సముద్రపు నీళ్లకి, పాతబడిన సీల్‌కి అది గ్యారంటీ కాదు. నీళ్లు లోపలికి పోతే చాలా కంపెనీలు వారంటీ కూడా ఇవ్వవు.

బండి వేడింగ్ డెప్త్ నంబరునీ ఇలాగే చదవాలి. 650 మిల్లీమీటర్లు అంటే, అంత లోతులో నెమ్మదిగా దాటితే ఇంజిన్‌లోకి నీళ్లు పోవని అర్థం. ఆ లోతులో గంటసేపు నిలబెట్టమని కాదు, అలలు లేపుకుంటూ వేగంగా పోవచ్చని కాదు. ఓడలరేవు, అంతర్వేది బీచ్‌ల వైపు వెళ్లేవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. ఉప్పునీళ్లు తగిలాక అదే రోజు బండి కింద భాగమంతా మంచినీళ్లతో కడగాలి.

బీఎస్6 డీజిల్: చిన్న ఊరికి కొత్త చిక్కు

2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది. కొత్త డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టుకునే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండినప్పుడు బండి తనంతట తనే ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. దానికి సుమారు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా, ఒకే వేగంతో పోవాలి.

మా వాడకం చూడండి. ఇంటి నుంచి ద్రాక్షారామం, అక్కడి నుంచి రేవు, మళ్లీ ఇల్లు. అన్నీ చిన్న చిన్న ట్రిప్పులు, సెకండ్ గేర్, థర్డ్ గేర్. డీపీఎఫ్ నిండుతుంది కానీ కాలదు. లైట్ వెలుగుతుంది, ఆ తర్వాత పవర్ తగ్గిపోతుంది. పాత బీఎస్4 బండి నుంచి కొత్త బ్రాండ్‌కి మారినవాళ్లు "ఈ కంపెనీ బళ్లు ఇంతే" అనుకునేది ఇక్కడే. అది కంపెనీ గోల కాదు, టెక్నాలజీకీ మన వాడకానికీ కుదరని జోడీ.

నేను నెలకి రెండుసార్లు రావులపాలెం వెళ్లి, 16వ నంబరు హైవే మీద తణుకు వైపు అరగంట ఒకే స్పీడులో నడిపి వస్తాను. రెండేళ్లలో ఆ లైట్ ఒక్కసారే వెలిగింది. ఇంకో జాగ్రత్త: రీజెనరేషన్ అయ్యాక సైలెన్సర్ భాగం విపరీతమైన వేడి మీద ఉంటుంది. అలాంటప్పుడు కళ్లంలో ఎండుగడ్డి మీద బండి ఆపకండి. అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఎక్కువగా చిన్న ట్రిప్పులే తిరిగేవాళ్లు పెట్రోల్ 4×4 గురించి గట్టిగా ఆలోచించాలి.

మార్కెట్లో ఉన్నవాటిపై ఓ లుక్కేద్దాం

ఇవి నా అనుభవాలు కావు, కంపెనీలు ప్రకటించిన వివరాలు. మన నేలకి పనికొచ్చేవే తీసుకున్నాను.

మహీంద్రా థార్: 2020 అక్టోబర్ 2న వచ్చిన రెండో తరం. 2.0 లీటర్ పెట్రోల్, 2.2 లీటర్ డీజిల్ 4×4లు ఉన్నాయి. గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., వేడింగ్ డెప్త్ 650 మి.మీ.

థార్ రాక్స్: 2024 ఆగస్టులో వచ్చిన ఐదు డోర్ల బండి. వేడింగ్ డెప్త్ ఇదీ 650 మి.మీ. లాంచ్ టైమ్‌లో 4×4 డీజిల్‌కి మాత్రమే ఇచ్చారు, పెట్రోల్ వెనక చక్రాల డ్రైవ్. బుక్ చేసేముందు వేరియంట్ సరిగ్గా చూసుకోండి.

మారుతీ సుజుకీ జిమ్నీ: 2023 జూన్ 7న లాంచ్ అయింది. 1.5 లీటర్ పెట్రోల్, లో రేంజ్ ఉన్న ఆల్‌గ్రిప్ ప్రో 4×4, క్లియరెన్స్ 210 మి.మీ. బరువు సుమారు 1,200 కిలోలే. మెత్తటి ఇసుకలో, బురదలో తక్కువ బరువు పెద్ద ప్లస్. పెట్రోల్ కాబట్టి పైన చెప్పిన డీపీఎఫ్ గొడవ లేదు. గెలలు, బస్తాలు వేయాలంటే మాత్రం చోటు తక్కువ.

ఫోర్స్ గుర్ఖా: 2024 అప్‌డేట్‌లో 2.6 లీటర్ డీజిల్ 140 పీఎస్, 320 ఎన్‌ఎం ఇస్తుంది. వేడింగ్ డెప్త్ 700 మి.మీ., స్నార్కెల్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, ముందు వెనక రెండు డిఫరెన్షియల్స్‌కీ లాక్ ఉంది. నీళ్లకి, బురదకి స్పెక్ షీట్‌లో ఇదే ముందుంది. కొనేముందు మీ దగ్గరి సర్వీస్ సెంటర్ ఎంత దూరమో మ్యాప్‌లో కొలిచి చూడండి.

స్పెక్ షీట్ చెప్పేది బండి ఏం చేయగలదో. ఎన్నేళ్లు చేస్తుందో, చెడితే ఎన్నాళ్లు ఆగుతుందో అందులో ఉండదు. కొత్త మోడల్ మొదటి బ్యాచ్‌లు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఉదాహరణకి 2021లో మహీంద్రా, 2020 సెప్టెంబర్, డిసెంబర్ మధ్య తయారైన 1,577 డీజిల్ థార్‌లని క్యామ్‌షాఫ్ట్ మార్చడానికి రీకాల్ చేసింది. రీకాల్ చేయడం చెడ్డ కంపెనీ లక్షణం కాదు. లోపం ఒప్పుకుని ఉచితంగా సరిచేయడం మంచిదే. ఫస్ట్ సేల్‌లో ఫోన్ కొన్నవాళ్లే బగ్స్ మొత్తం చూసినట్టు, బళ్లలోనూ అంతే.

అమెరికాలో జె.డి. పవర్ మూడేళ్లు నిండిన బళ్ల మీద ఏటా డిపెండబిలిటీ స్టడీ చేస్తుంది. ప్రతి 100 బళ్లకి ఎన్ని సమస్యలో లెక్కేస్తుంది. గత కొన్నేళ్లుగా అందులో ఎక్కువ కంప్లయింట్లు వస్తున్నది ఇంజిన్ల మీద కాదు, టచ్‌స్క్రీన్, ఫోన్ కనెక్షన్ లాంటి ఇన్ఫోటైన్‌మెంట్ మీద. కాబట్టి ఎవరైనా "ఆ బ్రాండ్‌లో సమస్యలు ఎక్కువ" అంటే, ఏ సమస్యలో అడగండి. ఆండ్రాయిడ్ ఆటో కట్ అవడం ఒకటి, ఏటి మధ్యలో ఇంజిన్ కట్ అవడం ఇంకొకటి.

పెద్దవాళ్లు బ్రాండ్ ఎలా మార్చారు?

మన ఆర్మీని చూడండి. 1985లో వచ్చిన మారుతీ జిప్సీ అంటే ఆర్మీలో ఓ లెజెండ్. తేలిక, సింపుల్, ఎక్కడైనా రిపేర్ అవుతుంది. అయినా 2017లో ఆర్మీ 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకి ఆర్డర్ ఇచ్చింది. జిప్సీ చెడ్డదని కాదు. కనీసం 800 కిలోల లోడ్, గట్టి టాప్, ఏసీ కావాలని అవసరాల లిస్టు మారింది. 2025లో 2,978 గుర్ఖాల ఆర్డర్ ఫోర్స్ మోటార్స్‌కి దక్కింది. ముందు అవసరం రాసుకుని, తర్వాత బ్రాండ్ వెతకడం వాళ్ల పద్ధతి. మనం సాధారణంగా దీనికి రివర్స్.

ఆస్ట్రేలియాలో స్నోయీ మౌంటెన్స్ జలవిద్యుత్ ప్రాజెక్టు కథ కూడా ఇలాంటిదే. 1949లో మొదలైన ఆ పనుల్లో ల్యాండ్ రోవర్లు తిరిగేవి. 1950ల చివర్లో కాంట్రాక్టర్ లెస్లీ థీస్ టొయోటా ల్యాండ్ క్రూయిజర్లు తెప్పించాడు. ఆ దేశంలో ల్యాండ్ క్రూయిజర్ పేరు అక్కడి నుంచే పాతుకుంది.

అంతదూరం ఎందుకు, మా ఊరి రైతులని చూస్తే చాలు. డెల్టాలో అసలైన ఆఫ్‌రోడ్ బండి ట్రాక్టరే. దమ్ము సీజన్‌లో ఇనప చక్రాలు వేసుకుని రోజంతా నీళ్లలో, బురదలోనే తిరుగుతుంది. ఆ పది పదిహేను రోజుల్లో ట్రాక్టర్ రెండు రోజులు ఆగినా నాట్లు వెనకబడతాయి. అందుకే ఇక్కడ చాలామంది ట్రాక్టర్ కొనేముందు అడిగే మొదటి ప్రశ్న హార్స్‌పవర్ ఎంత అని కాదు. "దీని సామాను మన ఊళ్లో దొరుకుద్దా? మన మెకానిక్‌కి వచ్చా?" అని. ఎంటీటీఆర్ అనే మాట వాళ్లు వినకపోయినా, దాన్ని లెక్కలోకి తీసుకునే కొంటున్నారు.

వెయ్యి లోపు గ్యాడ్జెట్, లక్షల బండికి కాపలా

బ్రాండ్ మార్చాలా వద్దా అని తేల్చుకునే ముందు ప్రతి ఒక్కరూ కొనాల్సింది ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్. ఈఎల్ఎం327 రకానివి ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌లో పెట్టి, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేస్తే ఎర్రర్ కోడ్ కనిపిస్తుంది. కొన్ని ఉదాహరణలు:

పీ0562: వోల్టేజ్ తక్కువ. ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ వైర్ చూడాలి.

పీ0335: క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ సర్క్యూట్ సమస్య. స్టార్టర్ తిరిగినా ఇంజిన్ అందుకోకపోవడానికి ఇదో కారణం.

పీ2463: డీపీఎఫ్‌లో మసి ఎక్కువైంది. హైవే మీదికి వెళ్లే టైమ్ దాటిపోతోంది.

యూ0100: ఇంజిన్ కంప్యూటర్‌తో కనెక్షన్ తెగింది. వైరింగ్, ఫ్యూజులు, కనెక్టర్లు చూడాలి. ఎలుకల పని కూడా కావచ్చు.

కోడ్ వస్తే ఆ పార్టే పోయినట్టు కాదు, ఎక్కడ వెతకాలో చెబుతుందంతే. చవక స్కానర్లు అన్ని కంపెనీల సొంత కోడ్లూ చదవలేవు. అయినా స్క్రీన్‌షాట్ తీసి మెకానిక్‌కి పంపిస్తే, బండి షెడ్డుకి వెళ్లేలోపే పార్టు ఆర్డర్ అవుతుంది. నా 26 రోజుల్లో 19 మొదటి ఏడాదివే. రెండో ఏడాది 7కి తగ్గాయి. ఆ ఏడాది చేసింది రెండే పనులు. ఒకటి ఈ స్కానర్. రెండోది ఇంట్లో ఒక డబ్బాలో ముందే కొని పెట్టిన వీల్ బేరింగ్, ఫ్యూయెల్ ఫిల్టర్, బెల్టు, రిలేలు, ఫ్యూజులు. అప్‌టైమ్ 98 శాతం దాటింది. బ్రాండ్ అదే, బండి అదే.

మారేముందు ఈ చెక్‌లిస్ట్ చూడండి

1. ఏడాది రిపేర్ బిల్లులన్నీ ముందేసుకుని మూడు రకాలుగా విడదీయండి: బండి లోపం, వాడకం, సర్వీస్. బ్రాండ్ మార్పు ముఖ్యంగా పనిచేసేది మొదటి రకం మీదే.

2. సమస్య సర్వీస్‌ది అయితే బండి కాదు, షెడ్డు మార్చండి. చాలా చవక.

3. మీ బండి నంబరు మీద పెండింగ్ రీకాల్ ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. 2021 ఏప్రిల్ నుంచి ఏడేళ్ల లోపు బళ్లకి రీకాల్ నిబంధనలు చట్టబద్ధంగా అమల్లో ఉన్నాయి. ఉచితంగా అయ్యే రిపేర్ కోసం బండి అమ్ముకోవద్దు.

4. కొనబోయే బండికి ఐదు పార్టుల పేర్లు రాసుకుని స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లండి: వీల్ బేరింగ్, క్లచ్ ప్లేటు, ఫ్యూయెల్ ఫిల్టర్, సస్పెన్షన్ బుష్, క్రాంక్ సెన్సర్. ధర కాదు, 'ఎప్పటికి వస్తుంది' అని అడగండి. షోరూమ్ వాళ్లు చెప్పే దానికన్నా ఇదే అసలు రివ్యూ.

5. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్ చూడండి. ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ యంత్రాలు నాలుగూ దాని పరిధిలో ఉన్నాయి.

6. ఎక్కడ ఆగితే మీకు ఎక్కువ నష్టమో ముందే రాసుకోండి. ఏట్లోనా, ఆఫీసు దారిలోనా, ఘాట్ రోడ్డు మీదా? దాన్ని బట్టే బ్రాండ్.

ఫైనల్‌గా

బ్రాండ్ మార్పు నా ఐదు సమస్యలని ఒకటి చేసింది, ఏట్లో ఆగిపోయే భయం పోగొట్టింది. మాకు అది చాలు, పెట్టిన డబ్బుకి న్యాయమే జరిగింది. వాడకం వల్ల వచ్చే రిపేర్లని అది ముట్టుకోలేదు. రిపేర్‌కి పట్టే రోజులని మొదట్లో పెంచింది కూడా. ఆ రోజులని తగ్గించింది ఒక చిన్న స్కానర్, ఒక స్పేర్ పార్టుల డబ్బా, ఫోన్ ఎత్తే ఒక మెకానిక్.

కాబట్టి బండి అమ్మకానికి ఫొటోలు తీసేముందు ఒక్క నెల లాగ్ రాయండి. నెల చాలకపోతే పాత బిల్లులు వెతకండి. ఏ బ్రాండ్‌కి మారాలో, అసలు మారాలో వద్దో, ఆ షీటే మీకు చెబుతుంది.